ఇంటి కంప్యూటర్‌లో లినక్స్: మొదటి నెల చిరాకులు, వాటిని సర్దుకునే తీరు

విండోస్ 10కి మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 ఏమో టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ కావాలంటుంది, ప్రాసెసర్ ఇంటెల్‌ది అయితే ఎనిమిదో తరమో ఆ పైదో ఉండాలంటుంది. అందుకే శ్రీకాకుళం, విజయనగరం వైపు ఇళ్లలో ఇంకా నిక్షేపంగా తిరుగుతున్న నాలుగో తరం, ఆరో తరం మెషిన్ల మీద, విండోస్‌కు బదులు వాడుకునే లినక్స్ ఎక్కించుకోవడం తెలివైన పనే. ఎక్కించడం గంటలో అయిపోతుంది. ఆ తర్వాత నెల రోజులే కష్టం. గడియారం తప్పు చూపిస్తుంది, పెన్‌డ్రైవ్‌లో వేసిన వీడియో ఆడదు, తెలుగు కొడితే రెండు మాటలు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. ఇలాంటివి నాలుగు పోగైతే ఎవరికైనా విసుగొచ్చి పాతదానికే పోదామనిపిస్తుంది.

వీటిలో చాలావాటికి కారణం స్పష్టంగా ఉంది. కారణం తెలిస్తే సర్దుబాటు ఒక్కసారి చేసుకుని మరిచిపోవచ్చు. ఇక్కడ చెప్పేదంతా లినక్స్ మింట్ 22, సినమన్ అనే డెస్క్‌టాప్ రూపంలో ఉన్నదాని గురించి. దీనికి 2029 వరకు భద్రతా అప్‌డేట్లు వస్తాయి, ఇంట్లో వాడటానికి కొత్తవాళ్లకు ఇదే నయం. ఉబుంటు అనే మరో లినక్స్ వాడేవాళ్లకు మెనూల చోట్లు మారతాయి గానీ కారణాలు అవే.

వైఫై కనబడకపోతే

కొన్ని ల్యాప్‌టాప్‌లలో, ముఖ్యంగా బ్రాడ్‌కామ్ చిప్ ఉన్నవాటిలో, లినక్స్ ఎక్కించగానే వైఫై జాబితా ఖాళీగా ఉంటుంది. డ్రైవర్ దించుకోవాలంటే నెట్ కావాలి, నెట్ రావాలంటే డ్రైవర్ కావాలి. ఈ ముడి విప్పడానికి ఫోను చాలు. ఆండ్రాయిడ్ ఫోనును ఛార్జింగ్ కేబుల్‌తో కంప్యూటర్‌కు తగిలించి, ఫోను సెట్టింగ్స్‌లో హాట్‌స్పాట్, టెథరింగ్ దగ్గర యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేయండి. కేబుల్ పెట్టాకే ఆ మీట వెలుగుతుంది. ఛార్జింగ్‌కు మాత్రమే పనికొచ్చే చవక కేబుల్ అయితే అసలు వెలగదు, కేబుల్ మార్చండి. నెట్ వచ్చాక మెనూలో డ్రైవర్ మేనేజర్ తెరిచి, 'రికమెండెడ్' అని ఉన్నదాన్ని ఎంచుకుని, రీస్టార్ట్ చేయండి.

అనుమతి లేని డ్రైవర్లను అడ్డుకునే సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉంటే ఇక్కడే ఇంకో మెలిక ఉంది. డ్రైవర్ ఎక్కేటప్పుడు ఒక పాస్‌వర్డ్ పెట్టమంటుంది. ఎనిమిది అంకెలు పెట్టి కాగితం మీద రాసుకోండి. రీస్టార్ట్ కాగానే నీలం తెర వస్తుంది. అది కొన్ని సెకన్లే ఆగుతుంది. వెంటనే ఏదో ఒక కీ నొక్కి, ఎన్‌రోల్ మాక్ (Enroll MOK), కంటిన్యూ, యెస్ అని వరసగా ఎంచుకుని ఆ పాస్‌వర్డ్ కొట్టండి. కొట్టేటప్పుడు తెర మీద ఏమీ కనబడదు, కంగారు పడొద్దు. ఆ తెర చేజారిందా, డ్రైవర్ ఎక్కినట్టే ఉంటుంది గానీ పని చేయదు. అప్పుడు డ్రైవర్ తీసేసి మళ్లీ ఎక్కించి ఆ తెర కోసం కాచుకోవాలి, లేదా కంప్యూటర్ మొదలయ్యేటప్పుడు తెరిచే బయోస్ సెట్టింగ్స్‌లో సెక్యూర్ బూట్ ఆపేయాలి.

రోజుకు ఒకటిన్నర, రెండు జీబీల ఫోను డేటా మీదే నడిచే ఇళ్లలో ఇంకో జాగ్రత్త. సాఫ్ట్‌వేర్ మేనేజర్‌లో ఒకే అప్లికేషన్ 'సిస్టమ్ ప్యాకేజ్' గానూ, 'ఫ్లాట్‌పాక్' గానూ ఉండొచ్చు. మొదటిసారి ఫ్లాట్‌పాక్ ఎంచుకుంటే ఆ అప్లికేషన్‌తో పాటు దాని అడుగు సామానంతా వందల ఎంబీలు దిగుతుంది. డేటా తక్కువగా ఉన్నవాళ్లు సిస్టమ్ ప్యాకేజే ఎంచుకోండి.

అయిదున్నర గంటల తేడా

విండోస్ కూడా ఉంచుకుని రెండూ వాడేవాళ్లకు ఇది తప్పదు. లినక్స్‌లో పని చేసి విండోస్‌లోకి వెళితే గడియారం సరిగ్గా అయిదున్నర గంటలు వెనక చూపిస్తుంది. మదర్‌బోర్డు మీద ఉన్న గడియారంలో లినక్స్ గ్రీనిచ్ కాలం రాసి, మన సమయం కావాలంటే దానికి 5.30 కలుపుకుంటుంది. విండోస్ అదే అంకెను మన సమయమనుకుని ఉన్నదున్నట్టు చదువుతుంది. అటునుంచి ఇటు వస్తే తేడా ముందుకు ఉంటుంది, నెట్ తగలగానే సర్దుకుంటుంది.

లినక్స్‌ను కూడా మన సమయమే రాయమంటే గొడవ తీరిపోతుంది. ఆదేశాలు కొట్టే కిటికీ అయిన టెర్మినల్ తెరిచి, టైమ్, డేట్, ఆ వెంట సీ, టీ, ఎల్ అక్షరాలు అన్నీ ఒకే మాటగా చిన్నబడి ఇంగ్లిషులో కొట్టండి. ఒక ఖాళీ వదిలి సెట్, లోకల్, ఆర్‌టీసీ మాటల్ని మధ్యలో ఖాళీ లేకుండా హైఫన్లతో కలిపి రాయండి. మరో ఖాళీ వదిలి 1 కొట్టి ఎంటర్ నొక్కండి. ఇది అన్ని కంప్యూటర్లలోనూ చేయాల్సింది కాదు, విండోస్ కూడా ఉన్నవాళ్లకే.

తేడా అయిదున్నర గంటలు కాక ఏళ్లకు ఏళ్లుంటే, కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ తేదీ వెనక్కి పోతుంటే, అది లినక్స్ పని కాదు. మదర్‌బోర్డు మీది నాణెం బ్యాటరీ అయిపోయింది. దాని పేరు సీఆర్ 2032, వాచీల కొట్టులో దొరుకుతుంది. తేదీ తప్పుగా ఉంటే బ్రౌజర్ ప్రతి సైటునూ 'భద్రత లేదు' అని ఆపేస్తుంది. నెట్ పాడైందనుకుని చాలామంది అక్కడ తిప్పలు పడతారు.

డీ డ్రైవ్ ఎక్కడ, అందులో ఎందుకు రాయనివ్వదు

లినక్స్‌లో సీ, డీ అనే అక్షరాలు ఉండవు. ఫైళ్ల కిటికీ ఎడమ వైపు 'డివైసెస్' కింద మీ పాత డీ డ్రైవ్ దాని పేరుతోనో సైజుతోనో ఉంటుంది, నొక్కితే తెరుచుకుంటుంది. తెరుచుకుంటుంది గానీ కొన్నిసార్లు ఏమీ రాయనివ్వదు, 'రీడ్ ఓన్లీ' అంటుంది. దోషం విండోస్ ఫాస్ట్ స్టార్టప్‌ది. షట్‌డౌన్ నొక్కినా విండోస్ పూర్తిగా ఆగకుండా సగం నిద్రలో ఉండిపోతుంది, డ్రైవ్‌లు తన చేతిలోనే పట్టుకుని. అలాంటి డ్రైవ్‌లో రాస్తే ఫైళ్లు చెడతాయి కాబట్టి లినక్స్ ముట్టుకోదు. విండోస్ కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్, 'చూజ్ వాట్ ద పవర్ బటన్స్ డూ' లోకి వెళ్లి ఫాస్ట్ స్టార్టప్ టిక్కు తీసేయండి. ఆ టిక్కు బూడిద రంగులో ఉంటే పైన ఉన్న 'చేంజ్ సెట్టింగ్స్' లింకు ముందు నొక్కాలి. ఒక్కసారికే అయితే షిఫ్ట్ పట్టుకుని షట్‌డౌన్ నొక్కినా సరిపోతుంది.

డ్రైవ్ దానంతట అదే తెరుచుకుని ఉండాలంటే డిస్క్స్ అనే అప్లికేషన్‌లో ఆ విభాగం ఎంచుకుని, పళ్లచక్రం బొమ్మ నొక్కి, 'ఎడిట్ మౌంట్ ఆప్షన్స్'లో 'యూజర్ సెషన్ డిఫాల్ట్స్' ఆపండి. కింది వరసలో 'నోఫెయిల్' అన్న మాట ఉందో లేదో చూసుకోండి. ఆ మాట తీసేస్తే, ఏ రోజైనా ఆ డిస్కు ఊడితే కంప్యూటర్ మొదలవకుండా మధ్యలోనే ఆగిపోతుంది.

పెన్‌డ్రైవ్ దగ్గర తొందర పనికిరాదు

పెళ్లి వీడియోలు, సిరిమానోత్సవం క్లిప్పులు పెన్‌డ్రైవ్‌లో వేసి టీవీకి పెడితే సగంలో ఆగిపోవడం కొత్తవాళ్లు ఎక్కువగా చెప్పే ఫిర్యాదు. కాపీ గీత క్షణాల్లో నిండిపోతుంది, అయిపోయిందనుకుని లాగేస్తారు. నిజానికి లినక్స్ ఆ ఫైళ్లను ముందు ర్యామ్‌లోకి తీసుకుని, అక్కడి నుంచి నింపాదిగా పెన్‌డ్రైవ్‌లో రాస్తుంది. గీత చూపించేది మొదటి సగాన్నే. 4 జీబీ ఫైలును చవక పెన్‌డ్రైవ్‌లో సెకనుకు 8 ఎంబీ చొప్పున రాస్తే ఎనిమిది నిమిషాలకు పైగా పడుతుంది, గీత ఒక్క నిమిషంలో నిండినా సరే. అందుకని పెన్‌డ్రైవ్ పేరు పక్కనున్న ఎజెక్ట్ గుర్తు నొక్కి, ఇక తీయొచ్చు అన్న సందేశం వచ్చే దాకా ఆగండి. పెన్‌డ్రైవ్‌కు లైటు ఉంటే అది మిణుకుమనడం ఆగాలి. ఇందులో దగ్గరి దారి లేదు.

రెండో చిరాకు, ఫైళ్లు తీసేసినా పెన్‌డ్రైవ్‌లో చోటు పెరగదు. డిలీట్ నొక్కితే ఆ ఫైలు ఆ పెన్‌డ్రైవ్‌లోనే దాగి ఉన్న చెత్తబుట్ట ఫోల్డర్‌లోకి పోతుంది. కంట్రోల్, హెచ్ కలిపి నొక్కితే 'ట్రాష్-1000' అనే పేరుతో ముందొక చుక్క పెట్టుకుని కనబడుతుంది. పెన్‌డ్రైవ్ తగిలి ఉండగానే చెత్తబుట్ట ఖాళీ చేయండి, లేదా మొదటే షిఫ్ట్‌తో డిలీట్ నొక్కండి.

4 జీబీ దాటిన ఫైలు ఎక్కకపోతే ఆ పెన్‌డ్రైవ్ ఫ్యాట్32 పద్ధతిలో ఉందన్నమాట. దాని హద్దే అంత. ఎక్స్‌ఫ్యాట్‌లోకి ఫార్మాట్ చేసుకోవచ్చు, లోపలున్నవన్నీ పోతాయి కాబట్టి ముందు దించుకోండి. పాత టీవీలు కొన్ని ఎక్స్‌ఫ్యాట్‌ను చదవవు, అదీ చూసుకోండి.

తెలుగు

శ్రద్ధగా ఒక సాయంత్రం పెట్టాల్సింది దీని మీదే. చూడటం, కొట్టడం, పాత ఫైళ్లు తెరవడం మూడూ వేరువేరు సమస్యలు.

అక్షరాలు బాగా కనబడాలంటే సాఫ్ట్‌వేర్ మేనేజర్‌లో 'ఫాంట్స్-తెలుగువిజయం' అనే ప్యాకేజీ వెతికి ఎక్కించండి. అందులో ఉన్న ఫాంట్లలో ఒకదాని పేరు గిడుగు, ఇంకొకదాని పేరు గురజాడ. వాడుక భాష కోసం పోరాడిన గిడుగు వెంకట రామమూర్తి పుట్టింది శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో, గురజాడ అప్పారావు బతికింది విజయనగరంలో. మన రెండు జిల్లాల వాళ్ల కంప్యూటర్‌లో ఈ రెండు ఫాంట్లూ ఉండి తీరాలి. పోతన, వేమన ఫాంట్లు 'ఫాంట్స్-తెలు-ఎక్స్‌ట్రా' అనే వేరే ప్యాకేజీలో ఉన్నాయి.

కొట్టడానికి రెండు దారులు. ఇన్‌స్క్రిప్ట్ అనే కీబోర్డు అమరిక నేర్చుకున్నవాళ్లకు అదనంగా ఏమీ అక్కర్లేదు. సిస్టమ్ సెట్టింగ్స్‌లో కీబోర్డ్, లేఅవుట్స్ తెరిచి, కూడిక గుర్తు నొక్కి తెలుగు కలపండి. ఇన్‌స్క్రిప్ట్‌లో గుణింతపు గుర్తులు ఎడమ చేతికి, హల్లులు కుడి చేతికి వస్తాయి. కె కీ మీద క, డి కీ మీద పొల్లు, జె కీ మీద ర. 'శ్రీ' కావాలంటే షిఫ్ట్‌తో ఎం, తర్వాత డి, జె, ఆర్. రెండు వారాలు రోజుకు పావుగంట కూర్చుంటే చేతికి అలవాటవుతుంది. మొదటి నుంచీ మొదలెట్టేవాళ్లకు మా సలహా ఇదే, ఎందుకంటే ఏ లినక్స్‌లోనైనా, విండోస్‌లోనైనా ఈ కీల అమరిక మారదు.

ఇంగ్లిషు అక్షరాలతో పలికినట్టు కొట్టడం అలవాటైతే ఐబస్ అనే టైపింగ్ సాఫ్ట్‌వేర్ కావాలి. మెనూలో 'ఇన్‌పుట్ మెథడ్' తెరిచి ఐబస్ ఎక్కించండి. దానికి తోడు 'ఐబస్-ఎం17ఎన్' ప్యాకేజీ కూడా ఎక్కించండి, చాలామంది మరిచిపోయేది ఇదే, అది లేకపోతే ఇలా పలికినట్టు కొట్టే తెలుగు జాబితాలోనే కనబడదు. తర్వాత లాగవుట్ అయి మళ్లీ లోపలికి రావాలి. అప్పుడు ఐబస్ ప్రిఫరెన్సెస్‌లో ఇన్‌పుట్ మెథడ్ దగ్గర తెలుగు కింద 'ఐట్రాన్స్' కలపండి. ఫోనులో గూగుల్ కీబోర్డు ఊహించుకుని మాట పూర్తి చేసినట్టు ఇది చేయదు. దీర్ఘానికి పెద్దబడి అక్షరమో రెండుసార్లు అదే అక్షరమో కచ్చితంగా కొట్టాలి.

ఇక మాటలు కలిసిపోయే సంగతి. 'సాఫ్ట్', 'వేర్' పక్కపక్కన కొడితే 'సాఫ్ట్వేర్' అయి, వ కిందికి దిగి ఒత్తుగా మారుతుంది. మనం చదివేది 'సాఫ్ట్‌వేర్'. పొల్లు తర్వాత కనబడని ఒక విడదీత అక్షరం పడాలి. లేఅవుట్స్ తెరలో ఆప్షన్స్ నొక్కి, స్పేస్ కీకి సంబంధించిన విభాగంలో 'జీరో విడ్త్ నాన్ జాయినర్ ఎట్ ద సెకండ్ లెవెల్' ఎంచుకోండి. అప్పట్నుంచి షిఫ్ట్‌తో స్పేస్ నొక్కితే ఆ అక్షరం పడుతుంది. ఈ ఒక్క సెట్టింగ్ తెలియక తెలుగు టైపింగ్ లినక్స్‌లో బాగోదని వదిలేసేవాళ్లున్నారు.

అదే ఆప్షన్స్‌లో భాషలు మార్చే కీలు కూడా ఎంచుకోండి. ఆల్ట్, షిఫ్ట్ జత బాగుంటుంది. ఇంగ్లిషు లేఅవుట్‌గా 'ఇంగ్లిష్ (ఇండియా, విత్ రూపీ)' పెట్టుకుంటే కుడి ఆల్ట్‌తో 4 నొక్కితే రూపాయి గుర్తు వస్తుంది.

పత్రాలు రాసుకునే లిబ్రే ఆఫీసులో తెలుగుకు ఇంగ్లిషుతో సంబంధం లేని సొంత ఫాంటు ఉంటుంది. టూల్స్, ఆప్షన్స్‌లో లాంగ్వేజెస్ దగ్గర 'కాంప్లెక్స్ టెక్స్ట్ లేఅవుట్' టిక్కు పెట్టి తెలుగు ఎంచుకోండి. తర్వాత లిబ్రే ఆఫీస్ రైటర్ కింద 'బేసిక్ ఫాంట్స్ (సీటీఎల్)'లో మీకు నచ్చిన తెలుగు ఫాంటు, సైజు పెట్టండి. ఇది చేయకపోతే ఇంగ్లిషుకు 14 పెట్టినా తెలుగు 12లోనే ఉండిపోయి, పత్రమంతా ఎగుడుదిగుడుగా కనబడుతుంది. పంపేది వర్డ్ వాడేవాళ్లకైతే లోడ్/సేవ్, జనరల్‌లో 'ఆల్వేస్ సేవ్ యాజ్' దగ్గర వర్డ్ రూపం ఎంచుకోండి. వాళ్లు పంపిన ఫైలులో వరసలు జరిగిపోతే కాలిబ్రి ఫాంటు లేకపోవడం కారణం. దానికి అక్షరం వెడల్పులో సరితూగే కార్లిటో ఎక్కిస్తే పేజీలు కుదురుకుంటాయి.

డీటీపీ సెంటర్ నుంచి వచ్చిన పెళ్లిపత్రికో, సంఘం కరపత్రమో తెరిస్తే ఇంగ్లిషు అక్షరాలు, గుర్తులు కలగాపులగంగా కనబడితే అది అను ఫాంట్లలో కొట్టింది. యూనికోడ్ రాక ముందటి పద్ధతి అది, ఇంగ్లిషు అక్షరాల గదుల్లో తెలుగు ముక్కలు కూర్చుంటాయి. చదవడమే కావాలంటే పీడీఎఫ్ పంపమని అడగండి, ఫాంటు అందులోనే వస్తుంది. మార్పులు చేయాలంటే అను నుంచి యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్ వాడి, ఒత్తులు, అరసున్నలు, అంకెలు కళ్లతో సరిచూసుకోండి. అక్కడే తప్పులు దొర్లుతాయి.

ప్రింటర్

నెట్‌వర్క్ మీద నడిచే ఇటీవలి ప్రింటర్లు చాలావరకు డ్రైవర్ అడగకుండానే పని చేస్తాయి. తిప్పలు పాత లేజర్లతోనే. హెచ్‌పీ లేజర్‌జెట్ 1020, పీ1007, పీ1008 లాంటివాటిలో ఫర్మ్‌వేర్ (ప్రింటర్‌ను నడిపే లోపలి సాఫ్ట్‌వేర్) శాశ్వతంగా ఉండదు, ఆన్ చేసిన ప్రతిసారీ కంప్యూటరే పంపాలి. జాబితాలో ప్రింటర్ కనబడుతుంది, పని 'పూర్తయింది' అంటుంది, కాగితం మాత్రం రాదు. సాఫ్ట్‌వేర్ మేనేజర్‌లో 'హెచ్‌పీలిప్' అనే హెచ్‌పీ ప్రింటర్ల సాఫ్ట్‌వేర్ వెతికి, బొమ్మల తెరతో (జీయూఐ) ఉన్నది ఎక్కించి, నెట్ ఉండగా ప్రింటర్ కలిపితే ఒక ప్లగిన్ దించుకోమంటుంది. సరే అనండి. హెచ్‌పీలిప్ వెర్షన్ మారినప్పుడు ప్లగిన్ కూడా మళ్లీ దించుకోవాలి, అప్‌డేట్ తర్వాత ప్రింటర్ మూగబోతే ముందు చూడాల్సింది ఇదే.

కానన్ ఎల్‌బీపీ 2900 క్యాప్ట్ అనే సొంత భాష మాట్లాడుతుంది, దానికి విడిగా డ్రైవర్ కావాలి, కొత్త లినక్స్‌ల మీద అది కుదురుకోవడం కష్టం. ఆ ప్రింటర్ ఉండి రోజూ ప్రింట్లు తీసేవాళ్లు విండోస్‌ను పూర్తిగా తీసేయకండి.

కరెంటు పోయాక, తెర బిగుసుకుపోయాక

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటాక రోజుల తరబడి కరెంటు లేదు. అంత పెద్ద తుపాను అక్కర్లేదు, వేసవి గాలివాన చాలు. యూపీఎస్ లేని డెస్క్‌టాప్ హఠాత్తుగా ఆగి మళ్లీ పెడితే కొన్నిసార్లు నల్ల తెర మీద 'ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్' అన్న మాట కనబడి అక్కడే ఆగిపోతుంది. డిస్కు పోలేదు. అక్కడ ఎగ్జిట్ అని కొట్టి ఎంటర్ నొక్కండి. ఏ విభాగానికి తనిఖీ కావాలో దాని పేరు చూపిస్తుంది. తర్వాత ఎఫ్, ఎస్, సీ, కే అక్షరాలు కలిపి, ఖాళీ, హైఫన్ వై, ఖాళీ, తెర మీద కనబడిన ఆ పేరు గీతలతో సహా ఉన్నదున్నట్టు కొట్టండి. అయ్యాక రీబూట్ అని కొట్టండి. ఇది నెలకు రెండు మూడుసార్లు వస్తుంటే డిస్కు ముసలిదైందేమో చూడాలి. డిస్క్స్ అప్లికేషన్‌లో 'స్మార్ట్ డేటా' దగ్గర 'రీఅలొకేటెడ్ సెక్టార్' అంకె పెరుగుతూ పోతే ఫొటోలు వెంటనే వేరేచోట దాచుకోండి.

తెర బిగుసుకుపోతే పవర్ బటన్ పట్టుకోవద్దు. ముందు కంట్రోల్, ఆల్ట్, ఎస్కేప్ కలిపి నొక్కండి, డెస్క్‌టాప్ మాత్రమే మళ్లీ మొదలవుతుంది, తెరిచిన ఫైళ్లు ఉంటాయి. అదీ కదలకపోతే ఆల్ట్, ప్రింట్‌స్క్రీన్ రెండూ పట్టుకుని ఎస్, యు, బి అక్షరాలు రెండేసి సెకన్ల తేడాతో నొక్కండి. ఎస్ ర్యామ్‌లో ఉన్నది డిస్కులో రాయిస్తుంది, యు డిస్కుకు తాళం వేస్తుంది, బి రీస్టార్ట్ చేస్తుంది. 4 జీబీ ర్యామ్ ఉన్న మెషిన్‌లో ఇది తరచుగా జరిగితే దోషం బ్రౌజర్ ట్యాబ్‌లది. ఇంకో 4 జీబీ ర్యామ్, ఒక ఎస్ఎస్‌డీ వేయించడం ఏ సెట్టింగ్ కన్నా మేలు.

చిన్నవి కొన్ని

కంప్యూటర్ పెట్టగానే బ్రౌజర్ 'కీరింగ్' (పాస్‌వర్డ్‌లు దాచే చోటు) పాస్‌వర్డ్ అడుగుతుంటే మీరు ఆటోమేటిక్ లాగిన్ పెట్టుకున్నారన్నమాట. లాగిన్ పాస్‌వర్డ్ కొట్టినప్పుడే ఆ తాళం కూడా తెరుచుకుంటుంది, కొట్టలేదు కాబట్టి విడిగా అడుగుతోంది. ఆటోమేటిక్ లాగిన్ తీసేయడం మంచి పద్ధతి.

మౌస్ చక్రం నొక్కితే ఎక్కడిదో మాట వచ్చి పడుతుందా? లినక్స్‌లో మాటను ఎంచుకుంటేనే కాపీ అయినట్టు, చక్రం నొక్కితే పేస్ట్ అయినట్టు. టెర్మినల్‌లో కాపీ, పేస్ట్‌లకు కంట్రోల్‌తో పాటు షిఫ్ట్ కూడా నొక్కాలి. ల్యాప్‌టాప్ టచ్‌ప్యాడ్ కుడి మూల నొక్కినా రైట్‌క్లిక్ రాకపోతే రెండు వేళ్లతో నొక్కి చూడండి, లేదా మౌస్ అండ్ టచ్‌ప్యాడ్‌లో 'క్లిక్ యాక్షన్స్' మార్చండి. అప్‌డేట్ నడుస్తుండగా ఇంకోటి ఎక్కించబోతే 'లాక్' దొరకలేదంటుంది. కాసేపు ఆగండి, ఆ లాక్ ఫైలు చెరిపేయమని చెప్పే సలహాలు వినకండి.

సిస్టమ్ చెడితే పాత స్థితికి తెచ్చే టైమ్‌షిఫ్ట్ తప్పక ఆన్ చేయండి, వారానికోటి చొప్పున రెండు స్నాప్‌షాట్లు (ఆ నాటి సిస్టమ్ నకళ్లు) చాలు. ఎక్కువ పెడితే 120 జీబీ ఎస్ఎస్‌డీ నిండిపోయి లాగిన్ కూడా కానివ్వదు. అది కాపాడేది సిస్టమ్‌ను మాత్రమే. మీ ఫొటోలు, పత్రాలు అందులో ఉండవు, వాటికి వేరే హార్డ్‌డిస్కు పెట్టుకోండి.

డిజిటల్ సంతకం టోకెన్, వేలిముద్ర పరికరం, అకౌంట్ల సాఫ్ట్‌వేర్ మీద జీవనం ఆధారపడినవాళ్లు విండోస్ చెరపకముందే వాటి తయారీదారుల దగ్గర లినక్స్‌కు సాఫ్ట్‌వేర్ ఉందో లేదో కనుక్కోండి. లేదంటే డిస్కులో 80 జీబీ విండోస్‌కు వదిలి, మిగతాది లినక్స్‌కు ఇవ్వండి.